ఒప్పుకున్న నేరం.. ఒప్పుకోని బాధ్యత

2025 మే 28న నమీబియా తన చరిత్రలో తొలిసారి జాతిహనన సంస్మరణ దినాన్ని అధికారికంగా పాటించింది. రాజధాని విండ్‌హోక్‌లోని పార్లమెంటు ఉద్యానవనంలో అధ్యక్షురాలు నెటుంబో నండి-న్డైట్వా సమక్షంలో కొవ్వొత్తులు వెలిగించి, మౌనం పాటించారు. 1907లో అదే తేదీన జర్మన్ వలస ప్రభుత్వం తన నిర్బంధ శిబిరాలను మూసేయాలని ఆదేశించింది. అప్పటికి నష్టం జరిగిపోయింది. చరిత్రకారుల అంచనాల ప్రకారం 1904 నుంచి 1908 లోపు సుమారు 80 వేల మంది హెరెరో జాతివారిలో 65 వేల మంది దాకా, 20 వేల మంది నామ ప్రజల్లో దాదాపు 10 వేల మంది చనిపోయారు. 20వ శతాబ్దంలో జరిగిన తొలి జాతిహననంగా దీన్ని ప్రపంచం గుర్తిస్తోంది.

మనలో చాలామందికి నమీబియా అంటే చీతాల దేశం. 2022 సెప్టెంబరు 17న ఎనిమిది చీతాలు విమానంలో వచ్చి మధ్యప్రదేశ్‌లోని కునో అడవిలో దిగాయి. వాటిని సాకిన సంరక్షణ కేంద్రం ఒచివరోంగో పట్టణం దగ్గర, వాటర్‌బర్గ్ పీఠభూమి కనుచూపు మేరలో ఉంది. 1904 ఆగస్టులో హెరెరో జాతిని జర్మన్ ఫిరంగులు చుట్టుముట్టింది ఆ వాటర్‌బర్గ్ దగ్గరే. చీతాల వార్తలతో పాటు ఆ చరిత్ర మాత్రం మన దాకా రాలేదు.

అక్కడ జరిగింది జాతిహననమేనని జర్మనీ 2021లో ఒప్పుకొంది. డబ్బు కూడా ఇస్తానంది. అయినా బాధితుల వారసులు ఆ ఒప్పందాన్ని నిరాకరించి కోర్టుకెక్కారు. పైకి చూస్తే మొండితనంలా కనిపించే ఈ నిరాకరణ వెనుక బలమైన న్యాయం ఉంది. జరిగిన నేరానికి ఏ పేరు పెట్టాలో, దానికి ఎంత ఇవ్వాలో, ఎవరితో మాట్లాడాలో.. ఈ మూడింటినీ నేరం చేసిన పక్షమే తేల్చేస్తే దాన్ని న్యాయం అనలేం. ఆఫ్రికాలో ఐరోపా సామ్రాజ్యాలు మొదటి నుంచీ నడిపిన పద్ధతి అదే.

మైళ్ల లెక్కలో మొదటి మోసం

జర్మనీలోని బ్రెమెన్ నగరానికి చెందిన పొగాకు వ్యాపారి అడాల్ఫ్ ల్యూడరిట్జ్. 1883 మే నెలలో అతని ప్రతినిధి బెథానీ ప్రాంతపు నామ నాయకుడు జోసెఫ్ ఫ్రెడెరిక్స్ దగ్గర అంగ్రా పెక్వెన్యా అనే రేవును కొన్నాడు. ఇచ్చింది వంద పౌండ్లు, 200 తుపాకులు. ఆగస్టులో ఇంకో ఒప్పందం రాసుకున్నారు. దక్షిణాన ఆరెంజ్ నది నుంచి ఉత్తరంగా తీరం పొడవునా 20 మైళ్ల వెడల్పు గల భూమిని అమ్ముతున్నట్టు అందులో ఉంది. ఆ చుట్టుపక్కల మైలు అంటే అందరికీ ఇంగ్లిష్ మైలే, సుమారు 1.6 కిలోమీటర్లు. ఫ్రెడెరిక్స్ కూడా అలాగే అనుకున్నాడు. సంతకాలు అయ్యాక, కాగితంలో రాసింది జర్మన్ భౌగోళిక మైలు అని బయటపెట్టారు. అది సుమారు 7.4 కిలోమీటర్లు. 32 కిలోమీటర్ల పట్టీ అమ్మాననుకున్న నాయకుడు దాదాపు 148 కిలోమీటర్ల లోపలి దాకా, అంటే తన జనం బతికే నేలలో చాలా భాగం పోగొట్టుకున్నాడు. అంగ్రా పెక్వెన్యా పేరు ఆ తర్వాత ల్యూడరిట్జ్‌గా మారింది. ఆ పట్టణాన్ని నేటికీ అదే పేరుతో పిలుస్తున్నారు.

1884 ఏప్రిల్‌లో జర్మన్ ఛాన్సలర్ బిస్మార్క్ ఆ భూములను సామ్రాజ్య రక్షణ కిందికి తెస్తున్నట్టు ప్రకటించాడు. అదే ఏడాది నవంబరులో ఆయన బెర్లిన్‌లో పిలిచిన సమావేశానికి 14 దేశాలు వచ్చాయి. 1885 ఫిబ్రవరి దాకా సాగిన ఆ చర్చల్లో ఆఫ్రికా నుంచి పాల్గొన్నవారు ఒక్కరూ లేరు. తీరాన్ని ఆక్రమించి, అక్కడ అధికారం నడుపుతున్నట్టు చూపగలిగితే హక్కు దక్కుతుందనే సూత్రం అక్కడే ఖరారైంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఆ ఖండంలో స్వతంత్రంగా మిగిలినవి ఇథియోపియా, లైబీరియా మాత్రమే.

నేటి నమీబియా అయిన నైరుతి ఆఫ్రికా కాలనీకి తొలి కమిషనర్‌గా వచ్చిన హైన్రిష్ గోరింగ్, తర్వాతి కాలంలో హిట్లర్‌కు కుడిభుజంగా పేరుమోసిన హెర్మన్ గోరింగ్ తండ్రి. స్థానిక నాయకులతో ‘రక్షణ ఒప్పందాలు’ కుదుర్చుకుంటూ పోవడమే అతని పని. నామ నాయకుడు హెండ్రిక్ విట్‌బోయి ఆ ఆటను తొలినాళ్లలోనే పసిగట్టాడు. తన చిరకాల శత్రువైన హెరెరో నాయకుడికి 1890లో ఉత్తరం రాసి, జర్మన్ల రక్షణ కిందికి వెళితే స్వతంత్రం పోతుందని, పశ్చాత్తాపపడే రోజు వస్తుందని హెచ్చరించాడు. విట్‌బోయి ఉత్తరాల పుస్తకాన్ని యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. ఆఫ్రికన్లకు జరుగుతున్నది అర్థం కాలేదని, అమాయకంగా భూములు రాసిచ్చారని చెప్పేవారికి ఆ ఉత్తరాలే సమాధానం.

హెరెరోలు పశుపాలకులు. మంద ఎంత ఉంటే అంత పరువు, పెళ్లికైనా కర్మకైనా ఆవులే ఆధారం. 1897లో రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి వారి మందల్ని ఊడ్చిపెట్టింది. వ్యాపారులు అరువు మీద సరుకులిచ్చి, తీర్చలేని వాళ్ల నుంచి మిగిలిన ఆవుల్ని, భూముల్ని లాక్కున్నారు. పాత బాకీలను ఏడాదిలోపు వసూలు చేసుకోకపోతే చెల్లవని 1903లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. జనాన్ని అప్పుల నుంచి కాపాడడానికి ఇచ్చామన్న ఆ ఉత్తర్వుతో వ్యాపారులు ఒక్కసారిగా మందల మీద పడ్డారు. పశువులు పోయినవాడు తాతల నాటి నేల మీదే తెల్లవాడి పొలంలో కూలివాడయ్యాడు. తిరుగుబాటుకు నేపథ్యం ఇది.

నీటి గుంటలకు కాపలా

1904 జనవరి 12న ఒకహాంద్యాలో తిరుగుబాటు మొదలైంది. వందకు పైగా వలసదారులు, సైనికులు చనిపోయారు. మహిళలు, పిల్లలు, మిషనరీల జోలికి పోవద్దని హెరెరో నాయకుడు సామ్యూల్ మహరేరో తన వారిని ఆదేశించాడు. తిరుగుబాటుకు బదులుగా బెర్లిన్ జనరల్ లోథార్ ఫాన్ ట్రోథాను పంపింది. మాటలతో సర్దుబాటు చేసుకుందామన్న గవర్నర్ లాయిట్‌వైన్‌ను పక్కకు నెట్టి, యుద్ధాన్ని ట్రోథా చేతికి అప్పగించింది.

ఆగస్టు 11న వాటర్‌బర్గ్ దగ్గర పోరు జరిగింది. అక్కడ ఉన్నది ఒక్క సేన కాదు, ఒక జాతి మొత్తం. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు, మిగిలిన మందలు అన్నీ ఆ నీటి వనరుల చుట్టూ చేరి ఉన్నాయి. మరఫిరంగుల ముందు నిలవలేక ప్రజలు తూర్పున ఉన్న ఒమాహెకె ఎడారిలోకి పారిపోయారు. జర్మన్ దళాలు వెనక నుంచి తరుముతూ నీటి గుంటలను ఒక్కొక్కటిగా ఆక్రమించి, ఎడారి అంచు పొడవునా కాపలా పెట్టాయి. తిరిగి వచ్చే దారి మూసేశారు. చెలమల కోసం ఇసుకలో చేతులతో లోతైన గోతులు తవ్వి, నీరు పడక వాటి చుట్టూనే మనుషులు, పశువులు చచ్చిపడి ఉన్నారని ఆ తర్వాత వెళ్లిన సైనికులే చెప్పారు. ఆయుధాలు మొదలుపెట్టిన పనిని నీళ్లు లేని ఎడారి పూర్తి చేసిందని జర్మన్ సైన్యం తన అధికారిక యుద్ధ చరిత్రలో గర్వంగా రాసుకొంది.

అక్టోబరు 2న ట్రోథా ఉత్తర్వు వెలువడింది. హెరెరోలు ఇక జర్మన్ ప్రజలు కారు, దేశం విడిచి పోవాలి. జర్మన్ సరిహద్దు లోపల కనిపించిన ప్రతి హెరెరోనూ, చేతిలో తుపాకీ ఉన్నా లేకున్నా, కాల్చేస్తారు. స్త్రీలను, పిల్లలను ఇక చేరదీయరు. తలలకు వెలలు కూడా అందులోనే ఉన్నాయి. నాయకుడిని పట్టిస్తే వెయ్యి మార్కులు, సామ్యూల్ మహరేరోకైతే ఐదు వేలు. ఈ కాగితం నేటికీ ఉంది. ఉద్దేశం ఏమిటో వెతుక్కోవాల్సిన పని లేకుండా, నేరం చేసినవాడే సంతకం పెట్టి వదిలిన సాక్ష్యం అది.

డిసెంబరులో ఛాన్సలర్ బ్యూలో ఒత్తిడి మీద జర్మన్ చక్రవర్తి కైజర్ ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకున్నాడు. దాన్ని చూపించి, ఇది ఒక సేనాని ఉన్మాదమే గానీ ప్రభుత్వ విధానం కాదని వాదించేవారు ఉన్నారు. ఆ తర్వాత ఏం జరిగిందో చూస్తే ఆ వాదన నిలవదు.

షార్క్ ఐలాండ్

ఎడారిలో చావగా మిగిలినవారికి మిషనరీల ద్వారా కబురు పంపారు. బయటికి వస్తే ప్రాణానికి భయం లేదన్నారు. నమ్మి వచ్చినవారిని నిర్బంధ శిబిరాలకు తరలించారు. విండ్‌హోక్, స్వాకోప్‌మండ్, ల్యూడరిట్జ్‌లలోని ఆ శిబిరాల నుంచి సైన్యానికే కాక ప్రైవేటు కంపెనీలకూ కూలీలను సరఫరా చేశారు. రైలు మార్గాలు వేసింది, రేవుల్లో మూటలు మోసింది ఆ ఖైదీలే. ఈలోగా నామ ప్రజలు కూడా తిరగబడ్డారు. 1905 అక్టోబరులో విట్‌బోయి తుపాకీ గాయంతో మరణించాక, లొంగిపోయిన నామలనూ అవే శిబిరాల్లో వేశారు.

ల్యూడరిట్జ్ పక్కనే సముద్రంలోకి పొడుచుకు వచ్చిన రాతి దిబ్బ షార్క్ ఐలాండ్. అట్లాంటిక్ చలిగాలి అక్కడ ఆగదు. ఎండకు, పశువుల పాలకు అలవాటు పడిన మనుషులను గోనె గుడ్డలతో, వండుకోవడానికి కట్టెలు కూడా సరిగా లేకుండా అక్కడ ఉంచారు. 1906 సెప్టెంబరు నుంచి ఏడు నెలల్లోపు అక్కడి 1,795 మందిలో 1,032 మంది చనిపోయారు. ఈ లెక్క రాసింది జర్మన్ అధికారి ఫాన్ ఎస్టోర్ఫే. లొంగిపోతే ప్రాణానికి హాని ఉండదని తాను ఇచ్చిన మాట పోయిందన్న బాధతో శిబిరాన్ని మూయించింది కూడా అతనే. అన్ని శిబిరాల్లో కలిపి 1904 అక్టోబరు నుంచి 1907 మార్చి దాకా 7,682 మంది మరణించారని సైన్యం లెక్క తేల్చింది. బందీల్లో అది సుమారు 45 శాతం. ట్రోథా ఉత్తర్వు రద్దయి రెండేళ్లు దాటినా మరణాలు ఆగలేదంటే, చంపింది ఆ ఒక్క సేనాని కాదు, ఆ వ్యవస్థ.

చనిపోయాక కూడా వాళ్లను వదల్లేదు. శవాల తలలు నరికి, ఉడకబెట్టి, గాజు పెంకులతో మాంసం గీకి శుభ్రం చేయమని శిబిరంలోని ఆడవాళ్లకు ఇచ్చారు. తమ భర్తవో, తమ్ముడివో అయి ఉండే తలలను వాళ్లే గీకాల్సి వచ్చింది. ఆ పుర్రెలు పెట్టెల్లో బెర్లిన్ ప్రయోగశాలలకు చేరాయి. జాతుల మధ్య ఎక్కువ తక్కువలను కొలతలతో నిరూపించాలని చూసిన శాస్త్రవేత్తలకు అవి ముడిసరుకయ్యాయి. అదే కాలనీలో 1908లో మిశ్రమ సంతతి ప్రజలపై పరిశోధన చేసిన యూగెన్ ఫిషర్, 1927లో బెర్లిన్‌లో కైజర్ విల్‌హెల్మ్ మానవశాస్త్ర సంస్థకు అధిపతి అయ్యాడు. నాజీల జాతి సిద్ధాంతానికి శాస్త్రం ముసుగు తొడిగినవారిలో అతనొకడు. ఆఫ్రికాలో చేసినది ఆఫ్రికాలోనే ఆగిపోలేదు. 2011లో 20 పుర్రెలను బెర్లిన్ వైద్య విశ్వవిద్యాలయం నమీబియాకు తిరిగి ఇచ్చింది. 2014, 2018లో మరికొన్ని వచ్చాయి. అంటే ఒక శతాబ్దం పాటు అవి అల్మారాల్లోనే ఉన్నాయి.

యుద్ధం ముగిసింది, దోపిడీ చట్టమైంది

1905 డిసెంబరులో వచ్చిన సామ్రాజ్య ఉత్తర్వు ఆధారంగా హెరెరోల భూములన్నీ, ఆ తర్వాత నామ భూముల్లో అధిక భాగం ప్రభుత్వ పరమయ్యాయి. 1907లో చేసిన నిబంధనలతో ఆఫ్రికన్లు గవర్నర్ అనుమతి లేకుండా భూమి గానీ, పశువులు గానీ సొంతం చేసుకోవడానికి వీల్లేకపోయింది. పశువే ప్రాణమైన జాతికి పశువు ఉండడమే నేరమైంది. ఏడేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ అంకె చెక్కిన లోహపు బిళ్లను మెడలో వేసుకోవాలి. అది లేనివాడిని ఏ తెల్లవాడైనా పట్టుకోవచ్చు. పనిలో లేనివాడిని దేశదిమ్మరి కింద జమకట్టి శిక్షించవచ్చు. ప్రజలను చంపగా మిగిలినవారిని కూలీలుగా మార్చే యంత్రం అలా తయారైంది.

1908లో ల్యూడరిట్జ్ దగ్గర రైలు పట్టాల మీద ఇసుక తొలగిస్తున్న జకారియాస్ లెవాలా అనే కార్మికుడికి మెరిసే రాయి దొరికింది. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ గనుల్లో పనిచేసినవాడు గనుక అది వజ్రమని గుర్తుపట్టి తన పై అధికారి ఆగస్ట్ స్టౌఖ్‌కు ఇచ్చాడు. స్టౌఖ్ కోటీశ్వరుడయ్యాడు. లెవాలాకు దక్కింది ఏమీ లేదు. వజ్రాల నేల చుట్టూ ‘నిషిద్ధ ప్రాంతం’ అని గీత గీసి, అసలు హక్కుదారులైన నామలను అడుగు పెట్టనివ్వలేదు.

1915లో జర్మన్ పాలన పోయి దక్షిణాఫ్రికా పాలన వచ్చింది. తర్వాత నానాజాతి సమితి అధికారపత్రం తోడైన ఆ పాలన 75 ఏళ్లు సాగి, జర్మన్ల భూపంపకాన్నే జాతి వివక్షతో మరింత బిగించింది. 1990 మార్చి 21న స్వతంత్రం వచ్చింది. ఆ మరుసటి ఏడాది భూ సదస్సు పెట్టి, పూర్వీకుల భూముల మీద హక్కులను తిరిగి ఇవ్వడం సాధ్యం కాదని తేల్చారు. అమ్మేవాడు ఇష్టపడితేనే ప్రభుత్వం కొని పంచాలన్న పద్ధతి పట్టారు. ఫలితం 2018లో నమీబియా గణాంక సంస్థ లెక్కల్లో కనిపించింది. ప్రైవేటు హక్కు ఉన్న వ్యవసాయ భూమిలో దాదాపు 70 శాతం, జనాభాలో అతి చిన్న భాగమైన శ్వేతజాతీయుల చేతిలోనే ఉంది. ఒకప్పుడు తాతలు మందలు మేపిన నేలలో కంచె అవతల నిలబడి, సమాధులు చూసుకోవడానికి యజమాని అనుమతి అడగాల్సిన కుటుంబాలు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. ఇది గతించిన చరిత్ర కాదు అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

110 కోట్ల యూరోల లెక్క

2015లో మొదలైన చర్చలు 2021 మేలో సంయుక్త ప్రకటనగా తేలాయి. 30 ఏళ్లలో 110 కోట్ల యూరోలు ఇస్తామని జర్మనీ చెప్పింది. అందులో 105 కోట్లు బాధిత వర్గాలు ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో అభివృద్ధి పనులకు, 5 కోట్లు స్మృతి, సయోధ్య కార్యక్రమాలకు. సగటున ఏడాదికి నాలుగు కోట్ల యూరోలు కూడా రావు. మొత్తం తక్కువన్నది ఒక సమస్య మాత్రమే. అసలు అభ్యంతరాలు మూడు.

మొదటిది పేరు. ‘నేటి దృష్టితో చూస్తే’ జాతిహననం అని ప్రకటన చెబుతోంది. జాతిహననాన్ని నేరంగా నిర్వచించిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం 1948 నాటిది కాబట్టి, అంతకు ముందు జరిగినదానికి చట్టపరమైన బాధ్యత లేదన్నది జర్మనీ వాదన. మరి 1915లో ఆర్మీనియన్ల ఊచకోతను జాతిహననమని జర్మన్ పార్లమెంటు 2016లో తీర్మానించినప్పుడు ఆ 1948 అడ్డు రాలేదే? యూదుల మీద నాజీల మారణహోమం కూడా 1948కి ముందు జరిగిందే. అయినా 1952లో లక్సెంబర్గ్ ఒప్పందం కింద జర్మనీ ఇజ్రాయెల్‌కు 300 కోట్ల మార్కులు, యూదుల సంస్థల సమాఖ్యకు 45 కోట్ల మార్కులు ఇచ్చింది. ఆ చెల్లింపు న్యాయమైనది, అవసరమైనది. అదే దేశం అదే కొలబద్దను ఆఫ్రికన్ల దగ్గరికి వచ్చేసరికి మార్చేస్తోందన్నదే అభ్యంతరం. ఆనాటి చట్టంలో అది నేరం కాదంటున్నారు. ఆనాటి చట్టం రాసిందెవరు? యుద్ధంలో పాటించాల్సిన మర్యాదలను 1899లో హేగ్‌లో రాసుకున్న దేశాలే, ఆ మర్యాదలు ఒప్పందంలో చేరినవారి మధ్యే వర్తిస్తాయని నిర్ణయించుకున్నాయి. హెరెరోలను ఆ వలయం బయట ఉంచిందీ వాళ్లే, ఆ వలయాన్ని చూపి ఇప్పుడు తప్పించుకుంటున్నదీ వాళ్లే.

రెండోది ప్రతినిధి. చర్చలు ప్రభుత్వాల మధ్యే జరగాలని జర్మనీ పట్టుబట్టింది. హెరెరో, నామ సంప్రదాయ నాయకత్వ సంస్థలు స్వయంగా ఎన్నుకున్న ప్రతినిధులకు ఆ బల్ల దగ్గర చోటు దొరకలేదు. దీనికి కూడా 1952 ఒప్పందమే సమాధానం. అప్పుడు ఇజ్రాయెల్ ప్రభుత్వంతో పాటు ప్రపంచవ్యాప్తంగా చెదిరిపోయిన బాధితుల తరఫున యూదుల సంస్థల సమాఖ్య కూడా ఒప్పందంలో భాగమైంది. ఎడారి దాటి ప్రాణాలు దక్కించుకున్న హెరెరోల వారసులు ఇవాళ బోత్స్వానాలో, దక్షిణాఫ్రికాలో ఉన్నారు. సామ్యూల్ మహరేరో కూడా 1923లో పరాయి నేల మీదే కన్నుమూశాడు. వారి గొంతు నమీబియా ప్రభుత్వం ద్వారా ఎలా వినిపిస్తుంది?

మూడోది డబ్బు స్వభావం. నష్టపరిహారం హక్కు. సాయం దయ. ఇస్తున్నది సయోధ్య కోసం చూపే సౌహార్దమని జర్మనీ పదేపదే చెబుతోంది. పొలం లాక్కున్నవాడు పండగకు కొత్త బట్టలు పెట్టి, లెక్క సరిపోయిందన్నట్టుంది ఈ ఒప్పందం. పోయింది భూమి, మందలు, మనుషులు. ఇస్తున్నది గ్రామీణ రోడ్లు, విద్యుత్తు, తాగునీరు, శిక్షణ పథకాలు. ఇవన్నీ అవసరమైనవే. కానీ ఒక దేశంలో పౌరులకు అందాల్సిన మామూలు సేవలు పూర్వీకుల ప్రాణాలకు బదులు ఎలా అవుతాయి?

షార్క్ ఐలాండ్ కథ కూడా పూర్తి కాలేదు. కొన్నేళ్ల కిందటి దాకా అది పర్యాటకులు గుడారాలు వేసుకునే చోటు. ఇప్పుడు ల్యూడరిట్జ్ పరిసరాల్లో భారీ హరిత హైడ్రోజన్ పథకం తలపెట్టారు. అందులో జర్మన్ కంపెనీ భాగస్వామి. దానికోసం రేవును విస్తరిస్తే సమాధులు లేని తమ మృతుల అవశేషాలు చెదిరిపోతాయని నామ నాయకులు అభ్యంతరం చెబుతున్నారు. ఐరోపాకు స్వచ్ఛ ఇంధనం కావాలి, అది ఆఫ్రికా తీరం నుంచి రావాలి. ఆ తీరంలో ఎవరిని పాతిపెట్టారన్న ప్రశ్నకు మాత్రం జవాబు లేదు.

ఎదురు వాదనలు

ఈ డిమాండ్ల మీద వచ్చే అభ్యంతరాలను తోసిపుచ్చకుండా చూడాలి. 120 ఏళ్ల కిందటి నేరానికి ఇవాళ్టి జర్మన్ పౌరుడు ఎందుకు చెల్లించాలి అంటారు. బాధ్యత పౌరుడిది కాదు, రాజ్యానిది. పాత ప్రభుత్వాలు సంపాదించిన ఆస్తులకు, కుదుర్చుకున్న ఒప్పందాలకు వారసత్వం కోరే రాజ్యం వాటి నేరాలకు మాత్రం వారసత్వం వద్దనడం చెల్లదు. నమీబియా జనాభాలో హెరెరో, నామలు అల్పసంఖ్యాకులే కాబట్టి వారికి వేరుగా ఇస్తే జాతుల మధ్య చిచ్చు రేగుతుందని మరో భయం. ఆ భయం నిజమైనదే. కానీ జర్మన్లు చంపింది దేశపు సగటు పౌరుణ్ణి కాదు, పేరు పెట్టి రెండు జాతులను. నష్టం ఎవరిదో పరిహారం వారిదే అవుతుంది. మిగతావారి అభివృద్ధికి వేరే దారులున్నాయి.

ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారన్నది మూడో భయం. నిజానికి బెర్లిన్‌ను, లండన్‌ను, బ్రస్సెల్స్‌ను, పారిస్‌ను వెనక్కి లాగుతున్నది ఇదే. అడిగే హక్కు ఉన్నవారు అడగకుండా ఉండాలని కోరడం న్యాయసూత్రం కాదు. పైగా ఆ తలుపు కొద్దిగా తెరుచుకుంది కూడా. కెన్యాలో మావ్ మావ్ పోరాట కాలంలో చిత్రహింసలకు గురైన 5,228 మందికి బ్రిటన్ 2013లో సుమారు రెండు కోట్ల పౌండ్ల పరిహారం ఒప్పుకొంది. బెల్జియం పాలించిన కాంగోలో మిశ్రమ సంతతి ఆడపిల్లలను తల్లుల నుంచి లాక్కోవడం మానవత్వంపై నేరమని 2024 డిసెంబరులో బ్రస్సెల్స్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పి, ఐదుగురు వృద్ధ మహిళలకు 50 వేల యూరోల చొప్పున చెల్లించమంది. ఈ రెండూ ఎవరో దయతలచి ఇచ్చినవి కావు, బాధితులు కోర్టుల్లో పోరాడి సాధించుకున్నవి. హెరెరో, నామ ప్రతినిధులు 2017లో న్యూయార్క్ కోర్టులో వేసిన దావా, పరాయి రాజ్యాన్ని విచారించే అధికారం లేదన్న కారణంతో వీగిపోయింది. 2023 జనవరిలో వారు సంయుక్త ప్రకటనను నమీబియా హైకోర్టులో సవాలు చేశారు. వారిని చర్చల్లో భాగం చేయకపోవడాన్ని ఐరాస ప్రత్యేక ప్రతినిధులు కూడా తప్పుబట్టారు.

భారత్ మాట్లాడాలి

ఇందులో మనకేం పని అనుకోవడానికి లేదు. నమీబియా విముక్తి కోసం పోరాడిన స్వాపో సంస్థ తన తొలి రాయబార కార్యాలయాన్ని 1986లో న్యూఢిల్లీలోనే తెరిచింది. 1989లో ఆ దేశ స్వాతంత్య్రానికి దారితీసిన ఎన్నికల సమయంలో ఐరాస శాంతిదళాలకు నాయకత్వం వహించింది భారత సేనాని దీవాన్ ప్రేమ్‌చంద్. 2025 జులైలో మన ప్రధాని విండ్‌హోక్ పార్లమెంటులో ప్రసంగించి, ఆ దేశ అత్యున్నత పురస్కారం అందుకున్నారు. ఇంత అనుబంధం ఉన్న దేశంగా, ఆ ప్రజల అతి పెద్ద గాయం గురించి మనం మౌనంగా ఉండడం తగదు.

స్వార్థం చూసుకున్నా ఇది మన సమస్యే. జలియన్‌వాలాబాగ్ కాల్పులకు నూరేళ్లు నిండిన 2019లో బ్రిటిష్ ప్రధాని పార్లమెంటులో తీవ్ర విచారం తెలిపి, క్షమాపణ దాకా రాకుండా ఆగిపోయారు. ‘అప్పటి చట్టం ప్రకారం’ అన్న కవచం అమృత్‌సర్‌కూ వాటర్‌బర్గ్‌కూ ఒక్కటే. దాన్ని నమీబియా విషయంలో ఛేదిస్తే, వలస పాలనకు గురైన ప్రతి దేశానికీ దారి తెరుచుకుంటుంది.

వలస కాలపు జాతిహననాలకు కాలదోషం పట్టదన్న సూత్రాన్ని భారత్ ఐరాస సర్వసభ్య సభలో గట్టిగా సమర్థించాలి. బాధిత ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధులు లేని ఏ ఒప్పందమూ చెల్లదని చెప్పాలి. జర్మనీ ‘నేటి దృష్టితో’ అన్న తోకను తీసేసి, సాయం అన్న ముసుగు లేకుండా పరిహారం చెల్లించాలి. ఆ పరిహారంలో తొలి వాటా భూమి కొనుగోలుకు పోవాలి. ఎందుకంటే హెరెరో, నామ ప్రజలు పోగొట్టుకున్నవాటిలో తిరిగి ఇవ్వగలిగింది అదొక్కటే.